అన్నం పెట్టరు, పాఠం చెప్పరు, మరి వీళ్లెందుకు?

సంఘాలూ సందేహాలూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నారాయణగూడలో రెండు గదుల ధర్మసంస్థ ఒకటి ఉంది. బస్తీల్లో, కాలనీల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంఘాలకు లెక్కలు రాయడం నేర్పడం, కాగితాలు చక్కబెట్టుకోవడంలో సాయపడటం దాని పని. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. ఈసారి ఉత్తరాలు చాలావరకు ఆ పని గురించే వచ్చాయి. కొన్ని కోపంగా కూడా ఉన్నాయి.

మౌలాలి నుంచి ఒక పాఠకురాలు: మేడం గారూ, మా కాలనీ ఆడవాళ్లం కొందరం కలిసి కమ్యూనిటీ హాలులో భవన నిర్మాణ కూలీల పిల్లలకు సాయంత్రం చదువు చెబుతున్నాం. చిన్న సంఘాలకు సాయం చేసే సంస్థ ఉంది, కలవమంటే వెళ్లాం. డబ్బు ఇవ్వలేదు, పుస్తకాలు ఇవ్వలేదు. 'మీ మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో తీసుకున్న నిర్ణయాలు రాసుకునే పుస్తకం, ఏది?' అని అడిగారు. ఒక్క పలక కూడా కొనివ్వని ఇలాంటి వాళ్లకు విరాళాలు ఎవరిస్తారు, ఎందుకిస్తారు?

మీ కోపం న్యాయమైనదే. పలక కొనిస్తే అందరికీ కనిపిస్తుంది. పలక కొన్న రసీదు ఫైల్లో పెట్టించడం ఎవరికి కనిపిస్తుంది? అన్నదానానికి ఫొటో ఉంటుంది, ఓచరుకు ఉండదు. అందుకే మా సంస్థకు విరాళాలు ఎప్పుడూ అంతంతమాత్రమే. ఇచ్చేవాళ్లు కూడా 'ఇది నేరుగా పిల్లలకే చేరుతుందా?' అని అడిగి మరీ ఇచ్చేవారు.

అయితే నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీకు వచ్చే చందాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? మీరు రాయలేదు గానీ ఊహించగలను. మీలో చురుకైన ఒకావిడ ఫోను నంబరుకు వస్తూ ఉంటాయి. ఆమె జీతం, పాల బిల్లు, పిల్లల ఫీజు, నలుగురిచ్చిన ధర్మం అన్నీ ఒకే ఖాతాలో కలగలిసి ఉంటాయి. మొదటి ఏడాది ఎవరూ అడగరు. తర్వాత ఆవిడ కూతురి పురిటికి అమెరికా వెళ్తారు, లేదా ఇద్దరి మధ్య మాటా మాటా వస్తుంది, లేదా దాత ఒకరు 'పోయిన దసరాకు ఇచ్చిన ఐదు వేలు దేనికి వాడారమ్మా?' అని మామూలుగానే అడుగుతారు. అక్కడ మొదలవుతుంది గొడవ. నేను చూసిన సంఘాల్లో డబ్బు కాజేసినవాళ్లు చాలా అరుదు. కాజేయలేదని చూపించలేక విడిపోయిన సంఘాలే ఎక్కువ.

అంబర్‌పేట వైపు నుంచి ఒక మహిళా బృందం ఒకసారి స్వీట్ల డబ్బా నిండా చీటీలు తెచ్చి మా బల్ల మీద బోర్లించింది. ఆటో ఖర్చు ఒక శుభలేఖ వెనక రాసి ఉంది. జిరాక్సు బిల్లు మీద అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితం మిగిలింది. దుకాణాల్లో యంత్రం నుంచి వచ్చే ఆ నున్నటి రసీదులు వేడి తగిలితే అంతే, ఇచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోవాలి. మా దగ్గర పనిచేసే అబ్బాయి కొత్త నగదు పుస్తకం తెరిచి ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు అని రాసి, పెన్ను వాళ్ల కోశాధికారి చేతికి ఇచ్చాడు. చీటీ ఒకటి తీయడం, అది దేనికో నలుగురూ వాదించుకోవడం, రాయడం. సాయంత్రమయ్యేసరికి 340 రూపాయలు తేలలేదు. కోశాధికారి తన పర్సు తీసి ఆ డబ్బు వేయబోయింది. వద్దన్నాం. 'లెక్క తేలని మొత్తం 340' అని రాయించి అందరి చేతా సంతకాలు పెట్టించాం. సొంత డబ్బుతో పూడ్చిన లెక్క మరుసటి ఏడాది ఆమె మెడకే చుట్టుకుంటుంది.

అలా పెన్ను వాళ్ల చేతికే ఇవ్వడం మాలాంటి సంస్థ పని. 'మీకెందుకు శ్రమ, మీ లెక్కలు మేమే రాసిపెడతాం' అనే సంస్థ తగిలితే కాస్త జాగ్రత్తగా ఉండండి. ఏడాది తిరిగేసరికి మీ బడి వాళ్ల బ్యానరు మీదికి ఎక్కుతుంది, మీ పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. మీరు మౌలాలిలో చెబుతున్న చదువే మల్కాజిగిరిలో ఇంకెవరో చెబుతూ ఉంటారు. ఒకరి దగ్గర నోటు పుస్తకాలు మిగిలిపోతాయి, ఇంకొకరికి కూర్చోవడానికి చోటు ఉండదు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇలాంటివాళ్లను కలపడం కూడా ఆ రెండు గదుల్లోనే జరుగుతుంది. పిల్లలతో పనిచేస్తున్నారు కాబట్టి వాళ్లు తప్పకుండా పోక్సో గురించి కూడా అడుగుతారు, నొచ్చుకోకండి. 2012లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. 'మా పరువు పోతుంది, మాలో మేము సర్దుకుంటాం' అంటే కుదరదు. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలని, ఎవరైనా కొత్తగా పాఠం చెప్పడానికి వస్తే వాళ్ల వివరాలు రాసుకోవాలని ఒక తీర్మానం చేసి, ఆ మినిట్స్ పుస్తకంలో మొదటి పేజీలోనే రాయండి. ఆపదలో ఉన్న పిల్లలు ఫోను చేసే 1098 నంబరు హాలు గోడ మీద పిల్లల కంటికి ఆనేంత ఎత్తులో అంటించండి.

బోరబండ నుంచి ఒక యువకుడు: 2020 అక్టోబరు వరదలప్పుడు స్నేహితులం కలిసి బియ్యం, దుప్పట్లు పంచాం. అప్పటి నుంచి రక్తదానం చేయిస్తున్నాం. ఇప్పుడు రిజిస్టర్ చేద్దామంటున్నారు. సొసైటీ మేలా, ట్రస్టు మేలా? ఏది తొందరగా అవుతుంది?

తొందర దేనికి నాయనా? రక్తం కావాలని ఫోను వస్తే దాతను పంపడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. సంఘం పేరుతో బ్యాంకు ఖాతా కావాలి, గది అద్దెకు తీసుకోవాలి, ఒకరికి జీతం ఇవ్వాలి, బయటివాళ్ల దగ్గర పెద్ద మొత్తం తీసుకోవాలి అనుకున్నప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి. అప్పటిదాకా ఒక నగదు పుస్తకం, ఒక మినిట్స్ పుస్తకం చాలు. రిజిస్టర్ చేశాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. మొదటి ఏడాది ఉత్సాహంగా చేస్తారు. మూడో ఏడాది కార్యదర్శికి గచ్చిబౌలిలో ఉద్యోగం వస్తుంది, ఆ ఫైలు ఎవరింట్లో ఉందో కూడా తెలియదు.

అయినా చేద్దామనుకుంటే, మీరు సమానంగా కూర్చుని నిర్ణయాలు తీసుకునే స్నేహితులు కాబట్టి నా ఓటు సొసైటీకే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద 18 ఏళ్లు నిండిన ఏడుగురు ఉంటే చాలు. పదవులు ఎన్నికతో మారతాయి. ట్రస్టు అలా కాదు. పత్రం రాసి సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టర్ చేయిస్తారు, ధర్మకర్తలు ఇద్దరున్నా నడుస్తుంది, పని తొందరగానే అవుతుంది. కానీ పత్రంలో మొదట ఏం రాసుకున్నారో దాన్ని తర్వాత మార్చడం కష్టం. ఆస్తి ఇచ్చి, అది తన ఉద్దేశానికే కట్టుబడి ఉండాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది.

మధ్యలో ఒక ముచ్చట. నగరంలోని పాత సంఘాల సర్టిఫికెట్ల మీద '1350 ఫస్లీ' అని కనిపిస్తే కంగారు పడకండి. 2001 చట్టం వచ్చేదాకా తెలంగాణ ప్రాంతంలో నడిచిన నిజాం కాలపు చట్టం అది. ఫస్లీ అంటే అప్పటి సంవత్సరాల లెక్క, 1350 ఫస్లీ అంటే ఇంచుమించు 1940-41. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం 1901లో పుట్టింది. అంటే ఆ ఫస్లీ చట్టం కంటే కూడా వయసులో పెద్దది.

నియమావళి మాత్రం జిరాక్సు సెంటర్లో కొనకండి. రక్తదాన సంఘం ఆశయాల్లో గోశాల, ఇంజనీరింగ్ కళాశాల, వృద్ధాశ్రమం వరసగా రాసి ఉన్న నియమావళి నా చేతుల మీదుగా వెళ్లింది. మీరు చేసేదీ, వచ్చే ఐదేళ్లలో చేయగలిగేదీ రాయండి. సంఘం మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోకుండా ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకు ఇవ్వాలనే నిబంధన తప్పనిసరిగా పెట్టండి. ఆదాయపు పన్ను శాఖ ముందు చూసేది దాన్నే.

కుత్బుల్లాపూర్ నుంచి ఒక తండ్రి: మేము మానసిక వికలత ఉన్న పిల్లల తల్లిదండ్రుల బృందం. ఫిజియోథెరపీ గది కోసం ఒక కంపెనీ నిధులు ఇస్తామంది. మీ సంఘం కొత్తది, ఫలానా పెద్ద సంస్థ పేరు మీద తీసుకోండి అన్నారు. ఆ పెద్ద సంస్థ 15 శాతం తమకు కావాలంటోంది. ఇది కమీషన్ కాదా అమ్మా?

కావచ్చు, కాకపోనూవచ్చు. ముందు కంపెనీ అలా ఎందుకందో చెబుతాను. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అందరూ సీఎస్‌ఆర్ అనేది దీన్నే. ఆ డబ్బు మీలాంటి బయటి సంఘం ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదు, 80జీ ఆమోదం (దాతలకు పన్ను రాయితీ వచ్చేది ఇది ఉంటేనే), అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 అనే ఫారం నింపి నంబరు కూడా తెచ్చుకోవాలి. నిన్న మొన్న పుట్టిన సంఘానికి ఇవేవీ ఉండవు. కాబట్టి వేరే సంస్థ గొడుగు కింద తీసుకోమనడం మోసం కాదు, చాలామంది అలాగే మొదలుపెడతారు.

ఇక ఆ 15 శాతం. మీ గదికి సంబంధించిన లెక్కలు రాసేందుకు, ఆడిటరుకు, కంపెనీకి మూడు నెలలకోసారి నివేదిక పంపేందుకు, వాళ్ల మనిషి కుత్బుల్లాపూర్ వచ్చి చూసి వెళ్లేందుకు ఖర్చవుతుంది. దానికి డబ్బు అడగడంలో తప్పులేదు. ఈ పని ఊరికే జరగాలని కోరుకోవడం మన దగ్గర పాత జబ్బు. కానీ ఆ శాతం దేనికి పోతుందో కాగితం మీద ఉండాలి, అది కంపెనీకి కూడా తెలియాలి. ఫిజియోథెరపిస్టును ఎంపిక చేసేది ఎవరు, పరికరాలు ఎవరి ఆస్తి, రెండేళ్ల తర్వాత మీకు సొంత నమోదు వస్తే ఆ పరికరాలు మీ పేరుకు మారతాయా అన్నవి ఒప్పందంలో రాయించండి. ఎవరైనా గొంతు తగ్గించి 'ఇందులో కొంత మళ్లీ కంపెనీ సారుకు ఇవ్వాల్సి ఉంటుంది' అన్నారంటే మాత్రం టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువులు పంపుతామంటే ఈ గొడుగు కూడా పనికిరాదు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించాక ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆ సవరణకు ముందు, విదేశీ విరాళాలు తేగలిగిన పెద్ద సంస్థలు అందులో కొంత పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచేవి, దాంతోపాటు లెక్కలూ నేర్పేవి. ఆ దారి మూసుకుపోయింది. పరిపాలన ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. దుర్వినియోగం ఆపడానికే అన్నారు, ఆపాల్సిన దుర్వినియోగం ఉన్నమాటా నిజమే. కానీ దెబ్బ ఎక్కువగా తగిలింది ఇంగ్లీషులో దరఖాస్తు రాసుకోలేని, విదేశీ విరాళాల కోసం ఢిల్లీలోనే తెరవాల్సిన ఖాతా తెరవలేని చిన్నవాళ్లకే అని నా అభిప్రాయం.

నాగోలు పాఠకుడు: ఒక సంఘానికి 10,000 నగదుగా ఇచ్చాను. పన్ను రాయితీ రాదన్నారు. ఆ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది కదా?

రాదు. నగదుగా ఇచ్చినది 2,000 దాటితే రాయితీ లేదు. ఫోను ద్వారానో చెక్కుతోనో ఇవ్వాల్సింది. అయినా సొసైటీగా రిజిస్టరైనంత మాత్రాన సరిపోదు, 80జీ ఆమోదం వేరు. మీరు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారైతే ఈ చర్చే అనవసరం, అందులో ఆ రాయితీ లేదు. ఇచ్చిన పుణ్యం మాత్రం ఎక్కడికీ పోదు లెండి.

సైనిక్‌పురి నుంచి ఒక తల్లి: మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటాడు. వాళ్ల ఊళ్లో చిన్న సంఘాలన్నిటికీ సలహాలిచ్చే ధర్మసంస్థ ఒకటి ఉందట. వలంటీర్లను కూడా వెతికిపెడుతుందట. మన నగరంలో అలాంటిది ఎందుకు లేదు?

అక్కడ దానికి నూరేళ్ల పైబడిన చరిత్ర ఉందమ్మా. ఎడ్వర్డ్ బర్చల్ అనే సైనికాధికారి 1916లో సొమ్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. చనిపోతూ స్వచ్ఛంద సేవ కోసం తన స్నేహితుడికి వెయ్యి పౌండ్లు వదిలి వెళ్లాడు. సంఘాలను ఒక తాటి మీదికి తెచ్చే జాతీయ మండలి 1919లో పుట్టడానికి ఆ డబ్బు ఉపయోగపడింది. ఊరూరా ఉన్న స్థానిక మండళ్లు కూడా ఆ ఆలోచన చుట్టూ పెరిగినవే. ఇంగ్లండు, వేల్సుల్లో ఏడాదికి 5,000 పౌండ్ల ఆదాయం దాటిన ధర్మసంస్థ సాధారణంగా చారిటీ కమిషన్ దగ్గర నమోదు కావాల్సిందే. కాబట్టి సలహా ఇచ్చేవాళ్ల అవసరం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. స్థానిక ప్రభుత్వాలు వాటికి గ్రాంట్లు ఇస్తూ వచ్చాయి. 2010 తర్వాత అక్కడా కోతలు పడ్డాయి, మీ అబ్బాయిని అడిగి చూడండి.

మన దగ్గర ఈ ఆలోచన లేకపోలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చిన్న మహిళా సంఘం నడపడంలో కష్టం ఎక్కడ ఉంటుందో ఆమెకు చేతి అనుభవం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ప్రభుత్వం తనే సేవ చేయడం కాకుండా, చేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి నిలబెట్టడం ఆ మండలి పద్ధతిగా ఉండేది. తర్వాత 1988లో దేశవ్యాప్త వేదికగా వాణి వచ్చింది. 2001లో ఇక్కడే మొదలైన ఏపీమాస్ మహిళా పొదుపు సంఘాల లెక్కలు, పాలన మీద పనిచేసింది. అంటే పని చేసేవాళ్లు ఉన్నారు. కానీ రసూల్‌పురాలో ఉండే ఒక కుట్టు సంఘం నాయకురాలు ఆటో ఎక్కకుండా నడిచి వెళ్లి, తెలుగులోనో ఉర్దూలోనో 'ఈ ఫారం ఏమిటి సార్?' అని అడగగలిగే చోటు లేదు. వార్డు కార్యాలయాల్లో వారానికి ఒక సాయంత్రం ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి, ఫారాలు నింపడం తెలిసిన ఒక మనిషిని కూర్చోబెడితే చాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. భవనం కట్టాల్సిన పనిలేదు కాబట్టి ఎవరికీ ఆసక్తి కలగడం లేదనుకుంటాను.

మారేడ్‌పల్లి నుంచి ఒక విశ్రాంత బ్యాంకు అధికారి: 35 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. సంఘాలకు నా సమయం ఇవ్వాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీలాంటివాళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే సంఘాలు మీ ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి. నేరుగా ఒక సంఘానికి వెళ్లకుండా, సంఘాలకు సాయం చేసే సంస్థ ద్వారా వెళ్లండి. నేరుగా వెళ్తే నెల తిరక్కుండానే మిమ్మల్ని అధ్యక్షుణ్ణి చేసేస్తారు. పెద్దమనిషి, ఇంగ్లీషు వచ్చు, కారు ఉంది, ఇంకేం కావాలి? ఆ తర్వాత మీరు ఊరెళ్తే సమావేశం ఆగిపోతుంది. సంస్థ ద్వారా వెళ్తే మీ పని ముందే ఖరారవుతుంది: ఫలానా మూడు సంఘాల బ్యాంకు పాసుపుస్తకాన్ని నగదు పుస్తకంతో సరిపోల్చడం ఎలాగో ఆరు నెలల్లో వాళ్ల కోశాధికారులకు వచ్చేలా చేయడం. వాళ్లకు వచ్చాక ఇంకో మూడు సంఘాలు.

సమయం గురించి ముందే అడగండి. ఇళ్లలో పనిచేసే మహిళల సంఘమైతే రాత్రి ఎనిమిదింటికి ముందు ఎవరూ దొరకరు, ఆదివారం మధ్యాహ్నం కొంత వీలు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు గానీ, ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం పెట్టి కోశాధికారికి ఇచ్చేసే అధ్యక్షులు చాలా సంఘాల్లో ఉంటారు. ఎవరినీ నిలదీయకుండా ఆ అలవాటు మాన్పించగలిగితే మీ మొదటి నెల సార్థకమే. మొదటిసారి వెళ్లినప్పుడు గత మూడు నెలల పుస్తకం ఊరికే చదవండి, అర్థం కానివి అడిగి తెలుసుకోండి. ఎర్ర సిరా పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.